విదేశాల్లో ఆరోగ్యం విషమిస్తే... వైద్యం ఎవరు చేస్తారు? బిల్లు ఎవరు కడతారు?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు, పని కోసం గల్ఫ్ వెళ్లే కార్మికులు, చదువుకోవడానికి బ్రిటన్ వెళ్లే విద్యార్థులు, నేపాల్ మీదుగా కైలాస మానసరోవరం బయల్దేరే యాత్రికులు... ప్రయాణం ఏదైనా పరాయి దేశంలో గుండెపోటో, పక్షవాతమో, రోడ్డు ప్రమాదమో ఎదురైతే కుటుంబాలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే.

ఆసుపత్రిలో చేర్చుకుంటారా? డబ్బు ముందే కట్టాలా? భారత రాయబార కార్యాలయం ఖర్చు భరిస్తుందా? ఇన్సూరెన్స్ ఉంటే సరిపోతుందా?

చాలా దేశాల్లో ప్రాణాపాయంలో ఉన్న మనిషికి అత్యవసర చికిత్స చేయాల్సిన బాధ్యత ఆసుపత్రిపై ఉంటుంది. కానీ, చికిత్స చేశారంటే అది ఉచితమని కాదు. బిల్లు రోగి పేరు మీదే వస్తుంది. ఈ తేడా తెలియక కొందరు ఖర్చుకు భయపడి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తారు. మరికొందరు చేర్చుకున్నారు కదా అని ధీమాగా ఉండి, తర్వాత వచ్చిన బిల్లు చూసి దిక్కుతోచని స్థితిలో పడతారు. మొదటి తప్పుతో ప్రాణానికి, రెండో దానితో కుటుంబ ఆర్థిక పరిస్థితికి ముప్పు.

మొదట ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి?

తెలుగు రాష్ట్రాల్లో అంబులెన్స్ అనగానే గుర్తొచ్చేది 108. విదేశాల్లో ఆ నంబర్ పనిచేయదు. అమెరికా, కెనడాల్లో 911, యూరోపియన్ యూనియన్ దేశాల్లో 112, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000కు ఫోన్ చేయాలి.

యూఏఈలో అంబులెన్స్‌కు 998, సౌదీ అరేబియాలో 997, కువైట్‌లో 112, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999. సింగపూర్‌లో 995, మలేసియాలో 999, థాయ్‌లాండ్‌లో 1669. పొరుగు దేశాల్లో నేపాల్‌లో 102, శ్రీలంకలో 1990, బంగ్లాదేశ్‌లో 999.

ఫోన్ తీసినవారు మొదట అడిగేది చిరునామా. విదేశాల్లో పిల్లల ఇంట్లో ఉంటున్న పెద్దవాళ్లలో చాలామందికి ఆ ఇంటి నంబర్, వీధి పేరు తెలియవు. పిల్లలు ఆఫీసుకు వెళ్లాక ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. అందుకే చిరునామాను పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించడం చిన్న పనే అయినా ఆపదలో బాగా ఉపయోగపడుతుంది.

ఇంగ్లిష్ రాకపోయినా అమెరికాలో 911కు ఫోన్ చేయొచ్చు. ‘తెలుగు’ అని చెబితే దుబాసీని లైన్‌లోకి తీసుకునే ఏర్పాటు చాలాచోట్ల ఉంటుంది. ఫెడరల్ ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ రాని రోగులకు దుబాసీ సేవలు ఉచితంగా కల్పించాలి. 1964 నాటి పౌర హక్కుల చట్టం, 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం ఇందుకు ఆధారం. ఇంటివాళ్లే అనువదించాల్సిన అవసరం లేదు.

మందుల పేర్లు, షుగర్ అంకెలు కూడా మారతాయి

భారత్‌లో ఎక్కువమంది మందులను బ్రాండ్ పేరుతోనే గుర్తుపెట్టుకుంటారు. ఆ పేర్లు విదేశీ డాక్టర్లకు తెలియకపోవచ్చు. మందులోని అసలు రసాయనం పేరు, మోతాదు రాసి పెట్టుకోవాలి. అది కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ఈ సంగతి తెలియక రెండూ కలిపి వేసుకుంటే మోతాదు రెట్టింపై కాలేయానికి హాని జరగొచ్చు.

షుగర్ రీడింగ్‌దీ ఇదే సమస్య. భారత్, అమెరికాల్లో డెసిలీటర్‌కు మిల్లీగ్రాముల్లో చెబుతారు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లలో లీటర్‌కు మిల్లీమోల్స్‌లో చెబుతారు. మన 180 అక్కడ 10. అక్కడి అంకెను 18తో గుణిస్తే మన లెక్కలోకి వస్తుంది. బ్రిటన్‌లో మీటర్ మీద 15 కనిపిస్తే షుగర్ పడిపోయిందని కంగారుపడి చక్కెర తినిపించకూడదు. అది మన లెక్కలో 270.

అమెరికా: చేర్చుకోకుండా పంపలేరు, బిల్లు మాత్రం తప్పదు

డబ్బు లేదని అత్యవసర విభాగానికి వచ్చిన రోగులను వెనక్కి పంపకూడదని అమెరికా 1986లో చట్టం చేసింది. దీన్ని ఎమ్‌టాలా అంటారు. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ పథకంలో ఉండి, అత్యవసర విభాగం నడిపే ఆసుపత్రులన్నిటికీ ఇది వర్తిస్తుంది. అంటే దాదాపు అన్ని ప్రధాన ఆసుపత్రులకూ.

రోగి ఏ దేశస్థులు, ఇన్సూరెన్స్ ఉందా, వీసా ఏమిటి అన్నదానితో సంబంధం లేకుండా పరీక్షించాలి. ప్రాణాపాయ స్థితి ఉంటే పరిస్థితి నిలకడగా మారేవరకు చికిత్స చేయాలి. చట్టం హామీ ఇచ్చేది అంతవరకే. ఆ తర్వాతి దీర్ఘకాలిక చికిత్సకు ఆ హామీ లేదు. బిల్లు రద్దు చేయాలని కూడా ఆ చట్టం చెప్పదు.

వీధి మలుపుల్లో కనిపించే ‘అర్జంట్ కేర్’ కేంద్రాలు వేరు. జ్వరం, చిన్న గాయాలు, బెణుకులకు అవి బాగానే ఉంటాయి, ఖర్చూ తక్కువే. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం వంటి లక్షణాలుంటే మాత్రం నేరుగా 911కే ఫోన్ చేయాలి.

చేర్చుకునే సమయంలో చాలా కాగితాలపై సంతకాలు అడుగుతారు. వాటిలో చికిత్సకు అంగీకారం తెలిపే సంతకం వేరు, బిల్లుకు హామీ ఉంటానని చేసే సంతకం వేరు. అత్యవసర పరీక్ష, చికిత్స ఈ రెండో సంతకం మీద ఆధారపడకూడదు. కంగారులో అన్నింటిపైనా సంతకం పెట్టే కొడుకు లేదా కూతురు ఏ హోదాలో సంతకం చేస్తున్నారో చూసుకోవాలి.

బిల్లు వచ్చాక కూడా దారులు మూసుకుపోవు. అమెరికాలో లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సాయ విధానాన్ని రాతపూర్వకంగా ప్రకటించాలని పన్ను చట్టం చెబుతోంది. డిశ్చార్జి తర్వాత మొదటి బిల్లు పంపిన నాటి నుంచి కనీసం 240 రోజుల వరకు దరఖాస్తులు తీసుకోవాలి. ఎవరు అర్హులన్నది ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటుంది. ప్రతి పరీక్షకు, ప్రతి మందుకు విడివిడిగా రాసిన వివరమైన బిల్లు అడిగి తీసుకోవడం, అందులో తప్పులుంటే ప్రశ్నించడం, వాయిదాలు కోరడం అక్కడ మామూలు విషయమే.

బ్రిటన్, యూరప్: ‘ఉచితం’ ఎక్కడి వరకు?

బ్రిటన్‌లో నేషనల్ హెల్త్ సర్వీస్ వైద్యం అందరికీ ఉచితమని చాలామంది అనుకుంటారు. ఇంగ్లండ్‌లో సందర్శకులకు అత్యవసర విభాగంలో చేసే చికిత్స వరకే ఉచితం. అక్కడి నుంచి వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి ఛార్జీలు మొదలవుతాయి. సాధారణ ధరలో 150 శాతం చొప్పున వేస్తారు.

తక్షణం అవసరమైన చికిత్సను డబ్బు కోసం ఆపకూడదన్న నిబంధన అక్కడా ఉంది. అయితే 500 పౌండ్లు లేదా అంతకు మించిన బాకీ రెండు నెలలు దాటినా తీర్చకపోతే ఆ సమాచారం హోం శాఖకు వెళ్లొచ్చు. తర్వాత వీసా నిరాకరించడానికి అది కారణం కావొచ్చు.

ఆరు నెలలకు మించిన వీసాపై వెళ్లే విద్యార్థులు, ఉద్యోగులకు ఈ సమస్య ఉండదు. వాళ్లు వీసాతో పాటే ఆరోగ్య సర్‌ఛార్జి కడతారు. 2024 ఫిబ్రవరి నుంచి ఇది ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు 776 పౌండ్లు. వాళ్లను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకు మాత్రం ఇది వర్తించదు.

యూరప్‌లోని షెంజెన్ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అత్యవసర చికిత్స, స్వదేశానికి తరలింపు, మరణం సంభవిస్తే మృతదేహం తరలింపు అందులో ఉండాలి. ఇది వీసాకు కావాల్సిన కనీస మొత్తం మాత్రమే. పెద్ద ఆపరేషన్‌కు సరిపోతుందా లేదా అన్నది వేరే లెక్క.

గల్ఫ్: ఉద్యోగం ఉన్నంతవరకే భరోసా

సౌదీ అరేబియాలో ప్రైవేటు రంగ ఉద్యోగులకు ఆరోగ్య బీమా చేయించడం యజమాని బాధ్యత. యూఏఈలో అబుదాబి, దుబాయ్‌లలో ముందు నుంచే ఉన్న ఈ నిబంధనను 2025 జనవరి నుంచి మిగతా ఎమిరేట్లకూ విస్తరించారు.

చిక్కల్లా ఉద్యోగం పోయినవారితో, యజమాని దగ్గర నుంచి బయటికి వచ్చేసినవారితో, వీసా గడువు దాటినవారితో. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారిలో ఇలాంటి పరిస్థితిలో చిక్కుకున్నవారు ఉంటారు. పట్టుబడతామన్న భయంతో ఆసుపత్రికి వెళ్లకుండా జబ్బు ముదరబెట్టుకోవడం వీరికి ఎదురయ్యే పెద్ద ముప్పు.

ఈసీఆర్ పాస్‌పోర్టుపై గల్ఫ్ సహా 18 దేశాలకు ఉపాధి కోసం వెళ్లేవారికి భారత ప్రభుత్వ ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల పరిహారం ఉంటుంది. ఆసుపత్రి ఖర్చులకు లక్ష రూపాయల వరకు ఇస్తారు. సందర్శక వీసాపై వెళ్లి అక్కడే పనిలో చేరినవాళ్లు ఈ రక్షణ కోల్పోతారు. ఏజెంటు మాట విని విజిట్ వీసా మీద విమానం ఎక్కడం వల్ల కలిగే నష్టాల్లో ఇదొకటి.

పొరుగు దేశాలు: నేపాల్, శ్రీలంక

నేపాల్ వెళ్లడానికి భారతీయులకు వీసా అక్కర్లేదు. దాంతో ఇన్సూరెన్స్ ఆలోచనే రాదు. కైలాస పరిక్రమలో దాటాల్సిన డోల్మా లా కనుమ ఎత్తు 5,600 మీటర్లకు పైనే. అంత ఎత్తులో తలనొప్పి, వాంతులు, ఆయాసం, తూలడం వంటివి కనిపిస్తే అసలు వైద్యం కిందికి దిగడమే. ‘ఇంకొక్క రోజు ఓర్చుకుంటే దర్శనం అయిపోతుంది’ అనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

వాతావరణం బాగా లేకపోతే హెలికాప్టర్లూ రావు. 2018 జులైలో సిమికోట్, హిల్సా ప్రాంతాల్లో 1,000 మందికి పైగా భారతీయ యాత్రికులు చిక్కుకుపోయారు. అప్పుడు కఠ్మాండూలోని భారత రాయబార కార్యాలయం తెలుగు సహా దక్షిణాది భాషలు మాట్లాడేవారితో హాట్‌లైన్లు ఏర్పాటు చేసింది.

నేపాల్‌లో మరో సమస్యా ఉంది. అవసరం లేకపోయినా పర్యటకులను హెలికాప్టర్‌లో తరలించి ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి డబ్బు రాబడుతున్న వ్యవహారంపై అక్కడి ప్రభుత్వం 2018లో విచారణ జరిపింది. అందుకే హెలికాప్టర్ పిలిపించే ముందు, ప్రాణాపాయం లేకపోతే, ఇన్సూరెన్స్ కంపెనీ అనుమతి తీసుకోవడం మంచిది. చాలా ట్రావెల్ పాలసీల్లో నిర్దిష్టమైన ఎత్తు దాటితే కవరేజీ ఉండదు. ఆ ఎత్తు ఎంతో ముందే చూసుకోవాలి.

శ్రీలంకలో 1990కు ఫోన్ చేస్తే వచ్చే ‘సువ సెరియ’ అంబులెన్స్ ఉచితం. దానికి హైదరాబాద్‌తో సంబంధం ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవను నడిపిన ఈఎంఆర్‌ఐ సంస్థ తరహాలోనే, ఆ సంస్థ సహకారంతో, భారత ప్రభుత్వ గ్రాంటుతో 2016లో అది ప్రారంభమైంది.

పాలసీ కొనేటప్పుడు ఏం చూడాలి?

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ పథకాలు విదేశాల్లో వర్తించవు. భారత్‌లో తీసుకునే మామూలు ఆరోగ్య బీమా పాలసీలు కూడా సాధారణంగా దేశం లోపలే పనిచేస్తాయి. పిల్లలకు అమెరికా కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్‌లో సందర్శక వీసాపై వచ్చిన తల్లిదండ్రులను చేర్చడం సాధారణంగా కుదరదు. వేరుగా పాలసీ తీసుకోవాల్సిందే.

అమెరికా సందర్శకుల పాలసీల్లో రెండు రకాలు ఎక్కువ. ఒకదానిలో ఒక్కో చికిత్సకు ఇంత అని మొత్తం ముందే నిర్ణయిస్తారు. ఉదాహరణకు ఐసీయూకు రోజుకు 2,000 డాలర్లు ఇస్తామని రాసి ఉండి, ఆసుపత్రి 10,000 డాలర్లు వేస్తే మిగిలిన 8,000 రోగే కట్టుకోవాలి. రెండో రకంలో డిడక్టబుల్ పోగా, పాలసీ గరిష్ఠ పరిమితికి లోబడి, అయిన ఖర్చులో ఎక్కువ భాగం కంపెనీ భరిస్తుంది. మొదటి రకం చవక. గొడవలు వచ్చేదీ ఎక్కువగా దానితోనే.

ఇంతకంటే ముఖ్యమైనది ముందు నుంచి ఉన్న జబ్బుల నిబంధన. బీపీ, షుగర్, పాత స్టెంట్, బైపాస్... ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. వాటికి సంబంధించిన చికిత్స చాలా పాలసీల్లో ఉండదు. కొన్నింటిలో ‘ఉన్న జబ్బు హఠాత్తుగా విషమిస్తే’ మాత్రమే ఇస్తామని రాస్తారు. ముందస్తు లక్షణాలేమీ ఉండకూడదని, 24 గంటల్లోపు చికిత్స మొదలవ్వాలని కూడా షరతు పెడతారు. ‘రెండ్రోజుల నుంచి ఛాతీలో ఇబ్బందిగానే ఉంది’ అని డాక్టర్ రాసుకున్న ఒక్క వాక్యం క్లెయిమ్ పోవడానికి కారణం కావొచ్చు. అలాగని డాక్టర్ దగ్గర లక్షణాలు దాచకూడదు. నొప్పి మొదలైన వెంటనే వెళ్లడమే ప్రాణానికీ, క్లెయిమ్‌కూ మంచిది.

వయసు 70 దాటితే చాలా పాలసీల్లో చెల్లించే గరిష్ఠ మొత్తం తగ్గిపోతుంది. పెద్ద అక్షరాల్లో కనిపించే కవరేజీ 60 ఏళ్ల వాళ్లకు సంబంధించినది కావొచ్చు.

రాయబార కార్యాలయం ఏం చేస్తుంది? ఏం చేయదు?

భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేట్ కుటుంబానికి సమాచారం చేరవేయగలదు. ఆసుపత్రితో, స్థానిక అధికారులతో మాట్లాడగలదు. పాస్‌పోర్టు పోతే స్వదేశానికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలదు. ఆసుపత్రి బిల్లు కట్టడం మాత్రం దాని రోజువారీ విధుల్లో లేదు.

అందుకు మినహాయింపు 2009లో ఏర్పాటైన భారతీయ కమ్యూనిటీ సంక్షేమ నిధి. తీవ్ర ప్రమాదాలు, ప్రాణాంతక పరిస్థితుల్లో అత్యవసర వైద్యానికి, మృతదేహాల తరలింపునకు దీని నుంచి ఇవ్వొచ్చు. అయితే కుటుంబ ఆర్థిక స్థితిని చూసి, అత్యంత అవసరమైన కేసుల్లోనే ఇస్తారు. ఇది అడిగి తీసుకోగల హక్కు కాదు. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే ఒక నంబర్ వస్తుంది. ఎవరికి ఎప్పుడు ఏం చెప్పామన్న రికార్డు ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్, తెలంగాణలో సచివాలయంలోని ఎన్‌ఆర్‌ఐ విభాగం ఇలాంటి కేసుల్లో రాయబార కార్యాలయాలకు, కుటుంబాలకు మధ్య సంధానకర్తలుగా ఉంటాయి. అమెరికాలో తానా, ఆటా వంటి సంఘాలు విరాళాల సేకరణలో, కాగితాల పనిలో సాయపడుతుంటాయి.

రోగిని ఇంటికి తీసుకురావాలంటే

విమానం ఎక్కించడానికి చికిత్స చేసిన డాక్టర్ అనుమతి ఒక్కటే చాలదు. ఎయిర్‌లైన్స్‌కు మెడిఫ్ అనే వైద్య సమాచార పత్రం ఇవ్వాలి. దాన్ని ఆ సంస్థ వైద్యులు పరిశీలించి ఒప్పుకోవాలి. స్ట్రెచర్ కావాలంటే అనేక సీట్లు తీసేసి అమర్చాలి కాబట్టి వాటన్నిటికీ డబ్బు కట్టాలి. వెంట నర్సో, డాక్టరో ఉండాల్సి రావొచ్చు. విమానంలో ఆక్సిజన్ అవసరమైతే ముందే చెప్పాలి. సొంత సిలిండర్లను సాధారణంగా అనుమతించరు.

పాలసీలో ‘వైద్య తరలింపు’ ఉన్నా ఎప్పుడు, ఎక్కడికి తరలించాలో నిర్ణయించేది కంపెనీయే. కుటుంబం సొంతంగా ఎయిర్ అంబులెన్స్ మాట్లాడుకుని తర్వాత డబ్బు అడిగితే తిరస్కరించే అవకాశం ఎక్కువ.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఎక్కడికి వెళ్లాలి?

పాలసీ ఎక్కడ కొన్నారన్నది ఇక్కడ ముఖ్యం. భారతీయ కంపెనీ దగ్గర కొంటే మొదట ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్ కార్యాలయం రెండు తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులు చూస్తుంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది.

అమెరికాలో కొన్న పాలసీలు ఈ పరిధిలోకి రావు. అక్కడి నిబంధనల ప్రకారమే పోరాడాలి. మరోవైపు, అమెరికా ఆసుపత్రులతో నేరుగా బిల్లు పరిష్కరించుకునే నెట్‌వర్క్ అక్కడి పాలసీలకే ఎక్కువగా ఉంటుంది. ఈ రెండూ బేరీజు వేసుకుని ఎంచుకోవాలి.

పాలసీ ఏదైనా ఆసుపత్రిలో చేరిన 24 గంటల్లోపు కంపెనీ సహాయ కేంద్రానికి తెలియజేయడం, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, రసీదులు, పరీక్షల నివేదికలు భద్రపరచడం తప్పనిసరిగా చేయాలి.

బయల్దేరే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

* జబ్బులు, ఆపరేషన్లు, అలర్జీలు, మందుల అసలు పేర్లు, బ్లడ్ గ్రూపు రాసిన ఒక పేజీ. ఒక కాపీ పర్సులో, ఒకటి ఫోన్‌లో, ఒకటి ఇంట్లో ఉండాలి.
* పాత ఈసీజీ, ఎకో, యాంజియోగ్రామ్ నివేదికలు. పాత ఈసీజీ ఉంటే మార్పు కొత్తదో కాదో డాక్టర్లకు త్వరగా తెలుస్తుంది.
* ప్రయాణ కాలానికి, మరికొన్ని రోజులకు సరిపడా మందులు, ప్రిస్క్రిప్షన్‌తో పాటు హ్యాండ్ బ్యాగులోనే. ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులకు యూఏఈ వంటి దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి.
* పాలసీ నంబర్, సహాయ కేంద్రం ఫోన్ నంబర్, డిడక్టబుల్ ఎంత, పాత జబ్బులకు ఏం వర్తిస్తుంది అన్న నాలుగు వివరాలు. ఇవి పాలసీ కొన్న పిల్లలకే కాదు, ప్రయాణిస్తున్న పెద్దవాళ్లకూ తెలిసి ఉండాలి.
* వెళ్లే దేశంలో అంబులెన్స్ నంబర్, దగ్గర్లోని భారత కాన్సులేట్ అత్యవసర నంబర్.
* తాము మాట్లాడలేని స్థితిలో ఉంటే చికిత్స గురించి ఎవరు నిర్ణయం తీసుకోవాలో ముందే చెప్పి, వీలైతే రాతపూర్వకంగా పెట్టడం.

ఆపద వచ్చాక పాలసీ కొనలేరు. కొన్న పాలసీ షరతులను మార్చలేరు. ఐసీయూ బయట కూర్చుని రాయబార కార్యాలయం నంబర్ వెతుక్కునే సమయంలో కుటుంబం చేతిలో ఉండే మార్గాలు చాలా తక్కువ. ఛాతీ నొప్పి వచ్చిన రాత్రి మాత్రం లెక్కలన్నీ పక్కన పెట్టి మొదట అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. బిల్లు గురించి తర్వాత మాట్లాడుకోవడానికి దారులుంటాయి.